పంచాయతీకి పోటీ చేయాలనుకుంటే: నోటిఫికేషన్ రాకముందే సిద్ధం చేసుకోవాల్సినవి

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా ఎన్నికైన సర్పంచుల, వార్డు సభ్యుల ఐదేళ్ల గడువు 2026తో తీరిపోతుంది. తర్వాతి ఎన్నికలు ఏ నెలలో పెట్టినా ఒక సంగతి మాత్రం మారదు. ఊళ్లో నిలబడాలనుకునేవాళ్లకు టైం చాలా తక్కువ దొరుకుతుంది. 2021 మొదటి విడత షెడ్యూలు చూడండి. జనవరి 29 నుంచి 31 దాకా నామినేషన్లు. ఫిబ్రవరి 1న పరిశీలన, 2న అప్పీళ్లు, 3న వాటిపై నిర్ణయం, 4న మధ్యాహ్నం 3 గంటల దాకా ఉపసంహరణ. 9న పొద్దున 6.30 నుంచి పోలింగ్, ఆ సాయంత్రమే 4 గంటలకు లెక్కింపు. మొదటి నామినేషన్ పడిన రోజు నుంచి ఫలితం దాకా 12 రోజులు. అందులో కాగితాలకు మూడే రోజులు. ఆ మూడు రోజులూ కుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే ప్రచారం మాట అటుంచి, పోటీ చేసే అవకాశమే చేజారుతుంది. ఊళ్లో మంచి పేరు, వెనక మనుషుల బలం ఉండి కూడా పరిశీలన బల్ల దగ్గరే ఆగిపోయేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. అందుకే ఈ పోస్టులో ప్రచారం కంటే కాగితాల గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు పదవుల సంగతి. గ్రామ పంచాయతీలో నేరుగా ఓటేసి ఎన్నుకునేవి రెండు పదవులు: సర్పంచ్, వార్డు సభ్యుడు. ఈ రెండూ పార్టీ రహితం. పార్టీ తన అభ్యర్థికిచ్చే బీ-ఫారం ఉండదు, పార్టీ గుర్తు ఉండదు. ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి అనేది జనం నోట్లో మాటే గానీ బ్యాలెట్ మీద దానికి చోటు లేదు. మండల, జిల్లా పరిషత్తుల సభ్యులను ఎన్నుకునే ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు మాత్రం పార్టీ గుర్తుల మీద, వేరే నోటిఫికేషన్‌తో జరుగుతాయి. మండలానికి ఒక జడ్పీటీసీ. మండలాన్ని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక ఎంపీటీసీ. మండల పరిషత్ అధ్యక్షుణ్ని (ఎంపీపీ) ఎంపీటీసీలు, జడ్పీ చైర్మన్‌ను జడ్పీటీసీలు ఎన్నుకుంటారు. కిందటిసారి ఈ పరిషత్ ఎన్నికలకు 2020 మార్చిలో నోటిఫికేషన్ వచ్చింది, కరోనాతో వాయిదా పడ్డాయి, 2021 ఏప్రిల్ 8న పోలింగ్ జరిగింది, కోర్టు కేసుల వల్ల లెక్కింపు సెప్టెంబర్ 19 దాకా ఆగింది. గ్రామ పంచాయతీలో నామినేషన్లు మొదలయ్యాక ఇంత సాగదీత కనబడదు. అంతా పన్నెండు రోజుల్లో తేలిపోతుంది.

అందరి చూపూ సర్పంచ్ కుర్చీ మీదే ఉంటుంది. వార్డు సభ్యుడి పదవిని చిన్నచూపు చూడటం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. జనాభాను బట్టి పంచాయతీకి 5 నుంచి 21 మంది దాకా వార్డు సభ్యులుంటారు. 300 లోపు జనాభా ఉంటే 5 వార్డులు, 500 దాకా 7, 1,500 దాకా 9, 3,000 దాకా 11, 5,000 దాకా 13. ఉపసర్పంచ్ వీళ్లలోంచే వస్తారు. సర్పంచ్ పదవి ఏ కారణంతో ఖాళీ అయినా ఆ బాధ్యత ఉపసర్పంచ్ మీద పడుతుంది. పంచాయతీ సమావేశానికి మూడో వంతు మంది లేకపోతే కోరం లేదు, కోరం లేనిదే తీర్మానం లేదు. సర్పంచ్‌కు ఊరంతా ఓటేసినా సభ్యుల్లో ఎక్కువమంది ఎదుటి పక్షం వాళ్లయితే ఐదేళ్లూ ప్రతి తీర్మానం దగ్గరా తలనొప్పే. పైగా సర్పంచ్ 90 రోజుల్లోగా సమావేశం పెట్టకపోతే పదవే పోతుందని చట్టం చెబుతోంది. కాబట్టి సర్పంచ్, వార్డు అభ్యర్థులను కలిపి ప్యానెల్ కట్టేవాళ్లు సర్పంచ్ అభ్యర్థిని తేల్చడానికి నెలలు పెట్టి, వార్డులకు ఆఖరి రోజు దొరికినవాళ్లను నిలబెట్టడం మానుకోవాలి.

డబ్బు సంగతి కూడా తెలుసుకుని దిగాలి. పంచాయతీకి వచ్చే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే వస్తాయి. 2024 ఫిబ్రవరిలో గడువు తీరాక ఎన్నికలు జరగక తెలంగాణ పంచాయతీలు ఈ నిధుల కోసం ఎంత ఇబ్బంది పడ్డాయో చూశాం. 15వ ఆర్థిక సంఘం కాలంలో (2021-26) ఈ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాల్సి ఉండేది. మిగతా 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది. వీధివీధికీ సిమెంటు రోడ్డు వేయిస్తానని మాట ఇచ్చేముందు అలా ఊరి అవసరానికి వాడుకోగల వాటా మీ ఊరికి ఎంతో పంచాయతీ కార్యదర్శిని అడగండి.

ఇక రిజర్వేషన్. ఎక్కువమంది అంచనాలు తప్పేది ఇక్కడే. సర్పంచ్ స్థానాల రిజర్వేషన్‌ను రెవెన్యూ డివిజన్ అధికారి (ఆర్డీవో), వార్డులవి మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీవో) ఖరారు చేస్తారు. సగం స్థానాలు మహిళలకు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్పంచ్ పదవులన్నీ గిరిజనులకే. బీసీ వాటా మాత్రం కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉంది. 2019 డిసెంబరులో ఎస్టీ 6.77, ఎస్సీ 19.08, బీసీ 34, మొత్తం 59.85 శాతంగా జీవో ఇచ్చారు. 50 శాతం దాటకూడదని 2020 మార్చిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. దాంతో బీసీ వాటాను 24.15కు తగ్గించి ఎన్నికలు జరిపారు. తెలంగాణలో 2025లో బీసీలకు 42 శాతం ఇస్తూ తెచ్చిన జీవో మీద కూడా హైకోర్టు స్టే ఇచ్చింది. చివరికి డిసెంబరులో 50 శాతం లోపే పంచాయతీ ఎన్నికలు జరిగాయి. కాబట్టి మా ఊరు ఈసారి జనరలే అని ముందుగానే తీర్మానించుకుని ఖర్చు మొదలుపెట్టొద్దు. ఇంట్లో ఒక మహిళ పేరుతో, ఊళ్లో మీ పక్షాన నిలబడగల ఇంకో సామాజికవర్గం మనిషి పేరుతో కూడా కాగితాలు సిద్ధంగా ఉంచుకోవడం తెలివైన పని. మహిళకు రిజర్వయిన స్థానంలో గెలిచిన ఆమె పేరు మీదే డిజిటల్ సంతకం కీ వస్తుంది. చెల్లింపులకు ఆ కీ, కార్యదర్శి కీ రెండూ కావాలి. దాన్ని భర్త చేతికో అన్న చేతికో ఇచ్చేస్తే రేపు ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది ఆమే. నిలబెట్టే రోజే ఈ మాట ఆమెకు స్పష్టంగా చెప్పాలి.

అర్హతల్లో మొదటిది ఓటు. సర్పంచ్‌కైనా వార్డుకైనా పోటీ చేసే మనిషి ఆ గ్రామ పంచాయతీ ఓటరై ఉండాలి. అసెంబ్లీ జాబితాలో పేరుంది కదా అని ధీమాగా ఉండకూడదు. అసెంబ్లీ జాబితాను వార్డుల వారీగా విడగొట్టి పంచాయతీ జాబితా తయారు చేస్తారు. దానికొక కటాఫ్ తేదీ ఉంటుంది. 2021లో 2019 నాటి జాబితాతో ఎన్నికలు పెట్టడం వల్ల 3.6 లక్షల మంది కొత్త ఓటర్లకు అవకాశం పోయిందని హైకోర్టుకు కూడా వెళ్లారు. ముసాయిదా జాబితా పంచాయతీ ఆఫీసులో అంటించిన రోజే వెళ్లి పేరు, ఇంటి నంబరు, వార్డు నంబరు చూసుకోండి. ఒకే ఇంట్లో భార్యాభర్తల పేర్లు రెండు వార్డుల్లో పడటం మామూలే. అభ్యంతరం చెప్పే గడువు కొద్ది రోజులే.

వయసు పరిశీలన తేదీ నాటికి 21 నిండాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే అనర్హులనే పాత నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో చట్టసవరణతో తీసేసింది. ఇప్పటికీ ముగ్గురు పిల్లలున్నారు కదా, నువ్వు నిలబడలేవు అని బెదిరించేవాళ్లు ఊళ్లలో కనబడతారు, నమ్మొద్దు. ప్రభుత్వ ఉద్యోగి అయితే రాజీనామా ఇస్తే చాలదు, పరిశీలన నాటికి అది ఆమోదం పొంది ఉండాలి. ఆ ఆమోద పత్రం చేతిలో ఉండాలి. పంచాయతీతో కాంట్రాక్టు నడుస్తున్నా చిక్కే. ఇంటిపన్ను, కుళాయి పన్ను బకాయికి నోటీసు అందుకుని, గడువు దాటినా కట్టకపోతే అదీ అనర్హతే. వందల రూపాయల బకాయి మీద నామినేషన్ పోగొట్టుకోవడం కంటే బాధాకరం ఇంకోటి లేదు. ముందే మొత్తం కట్టేసి రసీదు, కార్యదర్శి సంతకంతో బకాయిల్లేవన్న కాగితం తీసి పెట్టుకోండి. ఉమ్మడి ఇంటి పన్ను తండ్రి పేరు మీద ఉంటే అది కూడా కట్టించేయండి, అవతలివాళ్లకు అభ్యంతరం చెప్పే సందు ఇవ్వకుండా.

నామినేషన్ మీ ఊళ్లోనే వేస్తారని అనుకోవద్దు. మూడు నాలుగు పంచాయతీలను ఒక క్లస్టర్‌గా చేసి అక్కడ స్టేజ్-1 రిటర్నింగ్ అధికారిని కూర్చోబెడతారు. నామినేషన్ల స్వీకరణ నుంచి గుర్తుల కేటాయింపు దాకా ఆయన పని. పోలింగ్, లెక్కింపు చూసేది స్టేజ్-2 అధికారి. నామినేషన్ల టైం ఉదయం 10.30 నుంచి సాయంత్రం 5 దాకా. ఆఖరి రోజు 5 గంటలకు ఆవరణలో ఉన్నవాళ్లకు చీటీలిచ్చి తీసుకుంటారు, గేటు బయట ఉన్నవాళ్లను తీసుకోరు. మంచి రోజు, మంచి ముహూర్తం చూసుకునేవాళ్లు రెండో రోజుకు చూసుకోవడం మేలు. మొదటి రోజు అధికారులకే ఫారాలు సర్దుకోవడం సరిపోతుంది. మూడో రోజు వేస్తే తప్పు దొరికినా సరిదిద్దుకుని ఇంకో సెట్ వేసే వ్యవధి ఉండదు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయొచ్చు, డిపాజిట్ ఒక్కసారి కడితే చాలు. రెండు సెట్లు, ఇద్దరు వేర్వేరు ప్రతిపాదకులతో వేయమని నా సలహా.

ప్రతిపాదకుడి దగ్గర తప్పులు ఎక్కువ జరుగుతాయి. సర్పంచ్‌కైతే ఆ పంచాయతీలో ఏ ఓటరైనా ప్రతిపాదించవచ్చు. వార్డు సభ్యుడికైతే ప్రతిపాదకుడు ఆ వార్డు ఓటరే కావాలి. అభ్యర్థి మూడో వార్డు మనిషి, పోటీ చేసేది ఐదో వార్డు, ప్రతిపాదించింది మూడో వార్డులో ఉండే బావమరిది అయితే ఆ నామినేషన్ చెల్లదు. అభ్యర్థి ఏ వార్డులో ఉన్నా ఫర్వాలేదు, ప్రతిపాదకుడి విషయంలో మాత్రం జాబితాలో వార్డు, వరుస సంఖ్య చూసి రాయాలి. వేలిముద్ర వేసే ప్రతిపాదకుడైతే నేరుగా అధికారి ముందుకు తీసుకెళ్లి వేయించండి. తర్వాత ఆ ముద్ర నాది కాదని ఆయన అన్నాడంటే అక్కడితో కథ ముగిసినట్టే.

డిపాజిట్ సర్పంచ్‌కు 3,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,500. వార్డుకు 1,000, రాయితీ ఉంటే 500. ఇవి 2021 నాటి అంకెలు. కొత్త నోటిఫికేషన్‌లో మారితే అవే చెల్లుతాయి. రాయితీ మనిషి కులాన్ని బట్టే గానీ సీటును బట్టి కాదు. బీసీ అభ్యర్థి జనరల్ స్థానంలో నిలబడినా సగమే కడతారు. ఓసీ మహిళ మహిళా స్థానంలో నిలబడినా పూర్తిగా కట్టాలి. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఇక్కడొక జాగ్రత్త. యూట్యూబ్‌లో దొరికే వీడియోల్లో చాలా తెలంగాణవి. అక్కడ 2018 చట్టం, ఇక్కడ 1994 చట్టం. అక్కడ సర్పంచ్ డిపాజిట్ 2,000, పోలింగ్ మధ్యాహ్నం ఒంటిగంటకే ఆగిపోతుంది. ఆ వివరాలు పట్టుకుని ఇక్కడ దిగితే దెబ్బతింటారు.

నామినేషన్‌తో పాటు స్వీయ ప్రకటన ఇవ్వాలి. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించాలి. ఇందులో ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. లేకపోతే ‘లేవు’ అని, సంబంధం లేనిదైతే ‘వర్తించదు’ అని రాయండి, గీత గీసి వదిలేయకండి. కేసు కొట్టేశారు కదా అని రాయకుండా వదలడం కూడా ప్రమాదమే, కొట్టేసిన తేదీతో సహా రాసేయాలి. రిజర్వుడు స్థానంలో పోటీకి తహసీల్దారు ఇచ్చిన కుల ధ్రువపత్రం ఉండాలి. పెళ్లయి వచ్చిన మహిళలకు పుట్టింటి ఊరి తహసీల్దారు నుంచి తెప్పించుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే కులం తండ్రిని బట్టే, భర్తను బట్టి కాదు. రిజర్వేషన్ ప్రకటించాక మొదలుపెడితే ఇది మూడు రోజుల్లో తేలే పని కాదు.

పరిశీలన రోజు అభ్యర్థి స్వయంగా వెళ్లి కూర్చోవాలి. జాబితాలో వరుస సంఖ్య ఒకటి తప్పు పడిందనో, ఇంటిపేరులో ఒత్తు పోయిందనో నామినేషన్ తిరస్కరించకూడదు. అవి స్వల్ప దోషాలు, మనిషి ఎవరో తేలితే చాలు. సంతకం లేకపోవడం, డిపాజిట్ కట్టకపోవడం, ప్రతిపాదకుడు ఓటరు కాకపోవడం, అభ్యర్థే అనర్హుడు కావడం లాంటివాటికే తిరస్కరణ. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం అక్కడికక్కడే అడిగి తీసుకోండి, ఎందుకంటే మర్నాడే ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్ దగ్గర అప్పీలు వేయాలి. అందుకు దొరికేది ఆ ఒక్క రోజే.

ఉపసంహరణ చివరి రోజు మధ్యాహ్నం దాకా ఊళ్లలో రాజీ ప్రయత్నాలు జోరుగా సాగుతాయి. ఒకసారి ఉపసంహరణ కాగితం ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. తప్పుకునేవాళ్లు ఆలోచించి సంతకం పెట్టండి. ఏకగ్రీవానికి ప్రభుత్వం ప్రోత్సాహకం ఇవ్వడం కొత్త కాదు. 2021లో 2,000 లోపు జనాభాకు 5 లక్షలు, 5,000 దాకా 10 లక్షలు, 10,000 దాకా 15 లక్షలు, ఆపైన 20 లక్షలు ప్రకటించారు. మనస్ఫూర్తిగా ఊరంతా ఒక్కమాట మీదికి వస్తే సంతోషమే. గుడికి ఇంత, బడికి ఇంత అని పదవిని వేలం పాడటం మాత్రం నేరం. డబ్బు, మద్యంతో గెలిచినట్టు తేలితే పదవి పోవడమే కాకుండా జైలు శిక్ష కూడా పడేలా 2020లో చట్టాన్ని గట్టిచేశారు. వేలంలో ఎక్కువ పాడినవాడు ఆ డబ్బును పంచాయతీ పనుల్లోంచే రాబట్టుకోవాలని చూస్తాడు. ఊరికి జరిగే నష్టం అక్కడుంది.

గుర్తు మనం కోరుకునేది కాదు. మిగిలిన అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పేర్చి, ఎన్నికల సంఘం ఇచ్చిన జాబితాలోని గుర్తులను అదే వరుసలో ఇచ్చేస్తారు. ఉంగరం, కత్తెర, బ్యాట్ లాంటివి. వరుసలో మీకంటే ముందున్నవారు ఆఖరి నిమిషంలో తప్పుకుంటే మీ గుర్తు మారిపోతుంది. అందుకే తుది జాబితా చేతికి వచ్చేదాకా కరపత్రాలు, స్టిక్కర్లు ప్రెస్సుకు ఇవ్వొద్దు. బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లు ఉండవు, ఫొటోలు ఉండవు, గుర్తులే. చివర నోటా. ఓటరుకు రెండు కాగితాలిస్తారు, సర్పంచ్‌కు గులాబీ రంగుది, వార్డుకు తెల్లది. సర్పంచ్ గుర్తులు వేరు, వార్డు గుర్తులు వేరు. మీ ప్యానెల్ ఓటరు రెండు గుర్తులు గుర్తు పెట్టుకోవాలి. ఇంటింటికీ తిరిగేటప్పుడు పేరు కంటే గుర్తే పదిసార్లు చెప్పండి, ఏ రంగు కాగితం మీద ఏ గుర్తో విడివిడిగా చూపించండి. నమూనా బ్యాలెట్లు వేయిస్తే పసుపో నీలమో కాగితం మీద వేయించండి, అసలు రంగుల్లో వద్దు.

ఇక చెల్లని ఓట్లు. కొన్ని పదుల ఓట్లతో, ఒక్కోసారి ఒక్క ఓటుతో ఫలితం తేలే చోట ఇవే గెలుపోటములు నిర్ణయిస్తాయి. అధికారి ఇచ్చిన స్వస్తిక్ ముద్రతోనే వేయాలి. పెద్దవాళ్లు అలవాటు కొద్దీ సిరా వేలితోనే ఒత్తేస్తారు, అది చెల్లదు. రెండు గుర్తుల మీద వేసినా, రెండింటి మధ్య గీత మీద పడి ఎవరిదో తేలకపోయినా చెల్లదు. సంతకం పెట్టినా, పేరు రాసినా అంతే. ముద్ర వేశాక కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. తిరగేసి మడిస్తే తడి సిరా ఎదుటి గుర్తు మీద అంటుకుంటుంది. అలా అంటుకున్న మరక వల్ల ఓటు పోదు, అసలు ముద్ర ఎక్కడుందో తేలితే దానికే లెక్క. లెక్కింపులో మీ ఏజెంటుకు ఈ తేడా తెలియకపోతే మీకు రావాల్సిన ఓటు చెల్లనివాటిలో పడిపోతుంది. అంటుకున్న ముద్ర అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది, రంగు పలచగా ఉంటుంది. అది చూపించి అడగాలి. పోలింగ్ ఏజెంటుగా గట్టిగా అరిచేవాణ్ని కాకుండా, వార్డులో మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టేవాళ్లను పెట్టండి. మీ పేరున ఎవరో ముందే ఓటేసిపోతే టెండర్డ్ ఓటు అడగొచ్చు. అయితే దాన్ని వేరే కవరులో పెడతారు, లెక్కించరు. దొంగ ఓటును పడకముందే ఆపాలి.

లెక్కింపులో ముందు గులాబీ, తెల్ల కాగితాలను వేరు చేసి 25 చొప్పున కట్టలు కడతారు. అనుమానముంటే ఫలితం ప్రకటించకముందే, కారణం రాసి రీకౌంటింగ్ అడగాలి. ప్రకటించాక అక్కడ చేసేదేమీ ఉండదు. ఓట్లు సమానమైతే లాటరీ. ఫలితాలు రాగానే ఉపసర్పంచ్ ఎన్నిక, చేతులెత్తే పద్ధతిలో. గెలిచిన సభ్యులు ఊరేగింపులో తిరుగుతూ ఈ సమావేశానికి రాకపోతే ఆ పదవి అవతలివాళ్లకు అప్పనంగా వెళ్తుంది. సర్పంచ్‌కూ ఇందులో ఓటుంది, అది మరిచిపోవద్దు.

గెలిచినా ఓడినా ఇంకో పని మిగిలే ఉంటుంది. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం దాకా పెట్టిన ఖర్చు లెక్కను 45 రోజుల్లోగా ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వాలి. 2021లో 10,000 దాటిన జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ పరిమితి రెండున్నర లక్షలు, వార్డుకు 50,000. అంతకు తక్కువైతే లక్షన్నర, 30,000. ఓడిపోయినవాళ్లు ఈ లెక్కను పట్టించుకోరు, ఇవ్వకపోతే మూడేళ్లపాటు పోటీకి అనర్హులవుతారు. మధ్యలో ఉప ఎన్నిక వచ్చినప్పుడో, ఎంపీటీసీకి నిలబడదామనుకున్నప్పుడో అది బయటపడుతుంది. ఆటో అద్దె, మైకు, కరపత్రాలు, టీ టిఫిన్ల బిల్లులు ఏ రోజువి ఆ రోజే ఒక నోటుబుక్కులో రాసి బిల్లు దాని పక్కనే అంటించుకోండి. లెక్క ఇచ్చాక ఎంపీడీవో ఆఫీసు నుంచి ముద్ర వేసిన రసీదు తీసుకుని దాచుకోండి.